స్టూలు తీసేశారు

ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ ప్లాస్టిక్ స్టూలు బుర్రలోంచి పోవడం లేదు.

నేను పనిచేసే చీరల షోరూమ్‌లో మూడో కౌంటర్ అక్కకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టర్ చీటీ రాసిస్తే, మేనేజర్‌కి చూపించి, గోడౌన్‌లో పడున్న స్టూలు తెచ్చి కౌంటర్ వెనకాల వేసుకుంది. ఇవాళ పొద్దున వచ్చేసరికి తీసేశారు. కస్టమర్‌కి మర్యాదగా ఉండదట, షోరూమ్ లుక్ పోతుందట. పాత చీరల కొట్లలో సేల్స్‌వాళ్ళు తెల్ల పరుపు మీద కూర్చునే చీరలు పరిచేవాళ్ళు, అప్పుడు ఎవరి మర్యాద పోయింది?

సాయంత్రం గిరాకీ లేనప్పుడు చూశాను. చీర మడతపెడుతున్నట్టు వంగి, మోచేతుల మీద బరువేసి, ఒక్కో కాలూ కాస్త పైకెత్తి దించుతోంది. పాదాల మీద చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయాయి. క్యాష్‌లో మెత్తటి కుర్చీలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

కేరళలోని కోజికోడ్ బట్టల కొట్లలోనూ ఇదే బాధ ఉండేది. కుట్టుపని చేసుకునే పి. విజి అనే ఆమె, ఆ కొట్ల ఆడవాళ్ళూ కలిసి ఏళ్ళ తరబడి కొట్లాడితే, 2018లో కేరళ కూర్చునే హక్కును చట్టంలో పెట్టింది. 2021లో తమిళనాడు కూడా పెట్టింది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో, నిలబడి పనిచేసేవాళ్ళకు వీలున్నప్పుడు కూర్చునే ఏర్పాటుండాలని 44వ సెక్షన్ ఉండేది. మాది ఫ్యాక్టరీ కాదు కాబట్టి అది మాకు పనికిరాలేదు.

ఇదంతా ఫోన్లో అమ్మకు చెబితే, "కూసుంటే సుఖమనుకున్నవా బిడ్డా?" అంది.

అమ్మ బీడీలు చేసేది. రాత్రి తడిపిన తునికాకును రేకు ముక్క కొలత పెట్టి కత్తిరించి, చాట ఒళ్ళో పెట్టుకుని, తంబాకు పోసి చుట్టి, దారం కట్టేది. వెయ్యికి ఇంతని కూలీ, అందుకని అన్నానికి లేవడం కూడా వాయిదానే. లేచినప్పుడు గోడ పట్టుకుని కాసేపు వంగే ఉండేది, నడుము వెంటనే నిటారయ్యేది కాదు. రాత్రిళ్ళు కొబ్బరినూనెతో మెడ పట్టేదాన్ని. భుజం దగ్గర నా బొటనవేలి కింద గట్టిగా ముడి తగిలేది. ఎంత రాసినా కరిగేది కాదు. కంపెనీ వాళ్ళు బీడీలు లెక్కపెట్టుకున్నారు గానీ, మెడ సంగతి ఒక్కనాడూ అడగలేదు.

అంటే నేను సాయంత్రం నుంచి స్టూలు కోసం కొట్టుకోవడం సగం మాటే. ఒకే తీరుగా కట్టేసినట్టు ఉంచితే కూర్చున్నా నొప్పే, నిలబడినా నొప్పే. కదలకుండా నిలబడితే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెట్టలేవు, కాళ్ళు వాస్తాయి. కాసేపు నిలబడి, కాసేపు కూర్చుని, నాలుగడుగులు వేసే వీలుండాలి. అయినా ముందు ఆ స్టూలైతే రావాలి.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ మాత్రం, "కూర్చునే చూపించమ్మా, నాకు చీర కనిపిస్తే చాలు" అంది. అక్క నవ్వింది. కూర్చోవడానికేం లేదు.

ధర ట్యాగులు వేసే పని గోడౌన్‌లో కూర్చునే చేస్తారు. రోజూ కాసేపు అది అక్కకిమ్మని, స్టూలు తిరిగి వేయించమని రేపు మేనేజర్‌ని అడుగుతాను. శ్రావణం రద్దీ మొదలైతే ఎవరూ వినరు.