శక సంవత్సరం 1084 దగ్గర ఆగిపోయాను

పీజీ రెండో ఏడులో హన్మకొండ వేయిస్తంభాల గుడి శాసనం మీద ప్రాజెక్టు రాశాను. కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించిన ఆ శాసనంలో శక సంవత్సరం 1084 అని ఉంది. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని క్లాసులో విన్నాను. నా లెక్కకు 1162 వచ్చింది. పుస్తకాల్లో చూస్తే 1163.

శాసనాలు చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి "సార్, వేయిస్తంభాల గుడి శాసనం డీటెయిల్స్ పంపగలరు, అర్జంట్" అని పెట్టాను. అదే మెసేజ్ ఇంకో రెండు గ్రూపుల్లోనూ వేశాను. మూడు రోజులు ఎవరూ పలకలేదు. ఇంతమంది పెద్దలుండి ఒక్కరూ చెప్పరా అని మనసు నొచ్చుకుంది.

కరీంనగర్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అక్కకు ఫోన్ చేశాను. "నువ్వు అడిగింది నువ్వే ఒకసారి చదువు. వాళ్లు దేనికని జవాబు చెప్పాలె? ఏం చదివినవ్, ఎట్ల లెక్క కట్టినవ్, యాడ ఆగినవ్, అది రాయి" అంది.

రాయడానికి గంట పైనే పట్టింది. ఏం చదివానో చెప్పాలంటే అచ్చయిన శాసన పాఠం మళ్లీ తెరవాల్సి వచ్చింది. అందులో చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి అని కూడా ఉంది. మొదటిసారి అంకె ఒక్కటే చూసి వదిలేశాను. ఈసారి తిథితో సహా రాసి, నా లెక్క చూపించి, ఎక్కడ తప్పానో చెప్పమని అడిగాను.

అరగంటలో ఓ పెద్ద సార్ రాశారు: "తమ్మీ, శక సంవత్సరం ఉగాదికి మొదలైతది. మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ క్యాలెండర్ల జనవరి రాలేదా? అప్పుడు 79 కలపాలె." అంతే, చిక్కు విడిపోయింది. సరిచేసిన లెక్క మొత్తం మళ్లీ గ్రూపులో పెట్టాను, ఇదే సందేహం ఇంకెవరికైనా రావచ్చని.

మిగతా రెండు గ్రూపుల్లోనూ జవాబు దొరికిందని రాశాను. అందులో ఒక సార్ అప్పటికే నా కోసం పాత పుస్తకం వెతికి, పేజీలు స్కాన్ చేస్తూ కూర్చున్నారట. ఫోన్ చేసి క్షమించమన్నాను. "ఎట్లాగూ తీసిన కదా, పంపిస్త తియ్, చదువుకో" అన్నారు.