ఉప్పు తగ్గిద్దామని పోయి పొటాషియం తెచ్చుకున్నా (నా అనుభవం)

మాది కవిటి దగ్గర పల్లెటూరు. వయసు 52, సోంపేటలో మోటార్ వైండింగ్ షాపు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, తాగే నీళ్ళే కారణమని చాలామంది అనుమానం, అందుకే కిడ్నీ అన్న మాట వినపడితే చాలు, ఏ అరుగు మీదైనా ముందు నీళ్ళ గురించే మాట్లాడతారు. మా వీధిలోనే డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు ఇద్దరున్నారు, అందుకే నాకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా బయటికి పంపకపోతే పెరిగే వ్యర్థం) 1.9 అని వచ్చినప్పుడు "అయిపోయింది, మనకీ వచ్చేసింది" అనుకున్నానే గానీ నేను తినే తిండి సంగతి ఒక్క నిమిషం కూడా తట్టలేదు.

విశాఖలో కిడ్నీ డాక్టరు గారు మా ఊరి పేరు విని కూడా నీళ్ళ గురించి అడగలేదు. షుగర్ ఎన్నేళ్ళ నుంచి అన్నారు, పదకొండు. బీపీ? ఆరు. యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 30 లోపు ఉండాల్సింది నాకు 480 ఉంది, కంటి రెటీనాలో కూడా షుగర్ మచ్చలు కనపడ్డాయి. ఉద్దానం రకం జబ్బులో మామూలుగా యూరిన్‌లో ప్రొటీన్ అంతగా పోదయ్యా, నీది షుగరు బీపీల వల్ల వచ్చిందే అన్నారు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతోందో చెప్పే లెక్క) 42, అంటే కిడ్నీ జబ్బులో మూడో స్టేజి. వినగానే కాస్త ఊపిరి పీల్చుకున్నా గానీ వెంటనే సిగ్గేసింది, ఇంక నీళ్ళ మీదకి తోసేయడానికి లేదు కదా.

అసలు కథ డైట్ షీట్ల దగ్గర మొదలైంది. షుగర్ డాక్టరు షీట్‌లో చోడి (రాగి) రొట్టె, మొలకలు, పప్పు బాగా తినమని ఉంది. గుండె డాక్టరు షీట్‌లో ఉప్పు తగ్గించు, పళ్ళు, ఆకుకూరలు పెంచు అని ఉంది. కిడ్నీ షీట్‌లోనేమో పప్పు తగ్గించు, ప్రొటీన్ కేజీ బరువుకి 0.8 గ్రాములు దాటకు అని ఉంది, నా బరువు 72, అంటే రోజుకి 58 గ్రాములు. మూడూ ఫ్రిజ్ తలుపుకి అంటించాం. మా ఆవిడ వాటిముందు నిలబడి చాలాసేపు చదివి "ఏటండీ, ఇంక మీకు ఏటి వండాల, గాలా?" అంది.

గుండె, కిడ్నీ, షుగరు మూడూ ఒకదాన్నొకటి లాక్కుపోయే జబ్బులని, 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు మూడింటికీ కలిపి కార్డియోవాస్కులర్ కిడ్నీ మెటబాలిక్ సిండ్రోమ్ అని ఒకటే పేరు పెట్టారని తర్వాత తెలిసింది. పేరైతే ఒకటి పెట్టారు, షీటు కూడా ఒకటి ఇచ్చుంటే మా ఆవిడకి బాధ తప్పేది.

ఇంక నేను చేసిన తెలివైన పని చెప్తా. ఉప్పు తగ్గించమన్నారు కదా అని ఊరుకోకుండా షాపుకెళ్ళి సోడియం తక్కువ ఉండే ఉప్పు ప్యాకెట్ కొన్నా, రుచి అదే, ధర ఎక్కువ, పెద్ద పని చేసినట్టు ఫీలయ్యా. దానికి తోడు రోజూ పొద్దున్నే ఒక కొబ్బరిబోండాం, తిత్లీ తుఫానుకి పడిపోయినవి పోగా మిగిలిన పదకొండు చెట్లు మావే కదా, చల్లదనం, ఆరోగ్యం అని. రెండు నెలలకి బ్లడ్ టెస్ట్ చేయిస్తే పొటాషియం 5.9. ఐదు దాటకూడదంట. డాక్టరు గారు కాగితం చూసిన వెంటనే ఈసీజీ తీయించారు, అది బాగానే ఉంది, అప్పుడు కూర్చోబెట్టి ఏమేం తింటున్నావో అన్నీ చెప్పు అన్నారు. ఆ లైట్ ఉప్పులో సోడియం తగ్గించి దాని బదులు కలిపేది పొటాషియం క్లోరైడేనట! కొబ్బరినీళ్ళలోనూ అదే దండిగా ఉంటుంది, నేను వేసుకునే బీపీ టాబ్లెట్ టెల్మిసార్టన్ కూడా ఒంట్లో పొటాషియం పెంచేదే, పైగా కిడ్నీ దాన్ని సరిగ్గా బయటికి పంపలేదు. బాగా పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చన్నారు. మంచి కిడ్నీ ఉన్నవాళ్ళకి మేలు చేసే ఉప్పు నాకు అలా ఎదురు తిరిగింది. నీళ్ళలో కలుపుకుని తాగే పౌడర్ కొన్నాళ్ళు వాడి పొటాషియం దింపుకున్నాం.

అప్పుడు గానీ అసలు లెక్క పట్టలేదు. మా ఆవిడ మామూలు ఉప్పు కేజీ ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద పెన్నుతో తేదీ రాసింది. నలుగురం తింటాం, 22 రోజుల్లో అయిపోయింది. అంటే మనిషికి రోజుకి 11 గ్రాములు పైనే, డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది 5 లోపు. ఇందులో ఆవకాయ లేదు, ఎండు నెత్తళ్ళు లేవు, అప్పడాలు లేవు, షాపు దగ్గర సాయంత్రం తినే మిక్చర్ లేదు! ఐదు గ్రాములంటే ఒక టీస్పూన్, చేతిలో పోసుకుని చూస్తే కూరకి ఒక్కసారి వేసేంత కూడా లేదనిపించింది.

కూరల్లో సగానికి తగ్గించాం. మొదటి పదిహేను రోజులు నరకం, గడ్డి తిన్నట్టే ఉండేది. తర్వాత నిమ్మకాయ, మిరియాలు, వెల్లుల్లి పోపు దట్టించి నెట్టుకొచ్చాం, మూడో నెలకి పెళ్ళి భోజనంలో సాంబారు నోట్లో పెడితే ఉప్పుకషాయంలా అనిపించింది. బంగాళదుంప, తోటకూర లాంటివి చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి, అన్నం గంజి వార్చినట్టే వార్చేసి అప్పుడు పోపు వేస్తుంది, కొంత పొటాషియం ఆ నీళ్ళతో పోతుంది. ఆ నీళ్ళు పప్పులో పోసేసేది మొదట్లో, పారబోయడానికి ప్రాణం ఒప్పక. పనస తొనలు రెండు, అంతే. చోడి అంబలి వారానికి మూడు రోజులు. గుడ్డు రోజుకి ఒకటి, పప్పు ఒక పూట గరిటెడు. ఒకటి చెప్పాలి, పొటాషియం నార్మల్‌గా ఉన్నవాళ్ళు నన్ను చూసి ఆకుకూరలు, పళ్ళు మానేయక్కర్లేదు, నాకే అన్నారు, అదీ రిపోర్ట్ చూశాక. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి వేసుకునే బిళ్ళలు కూడా అప్పుడే మాన్పించేశారు, అవి కిడ్నీకి ఇంకా చెరుపు.

ఎనిమిది నెలలకి ఆల్బుమిన్ 190, క్రియాటినిన్ 1.8, పొటాషియం 4.7. బీపీ 130 లోపు. తిండి ఒక్కటే చేసింది అనను, మధ్యలో డాపాగ్లిఫ్లోజిన్ అని షుగరుకీ కిడ్నీకీ పనికొచ్చే టాబ్లెట్ కూడా మొదలెట్టారు, ఎవరి వాటా ఎంతో డాక్టరు గారు కూడా విడదీసి చెప్పలేనన్నారు.

ఉప్పు ప్యాకెట్ ఇప్పుడు 38 రోజులు వస్తోంది. మా ఆవిడ ఆ తేదీలన్నీ అందరికీ చూపిస్తోంది గర్వంగా. మొన్న పండక్కి ఇల్లు దులుపుతుంటే అమ్మ గదిలో గూట్లో హార్లిక్స్ సీసా నిండా రాళ్ళుప్పు దొరికింది. "నాకేటి రోగం బావూ, సప్పిడి కూడు నేను తిన్నేను" అంది. అది మా లెక్కలో లేదు.