బాపు నా వైపు చూసిన రోజు

ఈ రోజు సెలవు పెట్టి, పరకాల వైపు ఉన్న మా ఊరి నుంచి పత్తి బస్తాలతో బాపు వెంట వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాను. చిన్నప్పుడు ఇదే యార్డుకు బస్తాల మీద కూర్చొని వచ్చేవాణ్ణి. ధర, తూకం, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారుతో మాటలు అన్నీ బాపు చూసుకునేవాడు.

అడ్తిదారు బస్తాలోకి తేమ మీటరు గుచ్చితే 14 చూపించింది. తేమ 8 శాతం లోపు ఉంటేనే కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొననే కొనదు. బాపు మీటరు వైపు చూడలేదు. గుప్పెడు పత్తి తీసి, దూది ఒలిచి, గింజను పంటి కింద పెట్టాడు. ఎండిన గింజ పటుక్కుమంటుంది. ఇది చప్పుడు లేకుండా మెత్తగా నలిగింది. ఖరీదుదారు తక్కువకు ఒక ధర చెప్పి, ఇస్తారా, తీసుకుపోతారా అని అడిగాడు. పత్తి ఏరిన కూలీలకు డబ్బులివ్వాలి, వెనక్కి తీసుకుపోతే బండి కిరాయి మళ్లీ పడుతుంది, పైన మబ్బు పట్టి ఉంది. ఏం చేద్దామని అలవాటు కొద్దీ బాపు వైపు తిరిగేసరికి, ఆయన అప్పటికే నా ముఖంలోకి చూస్తున్నాడు.

"నువ్వే చెప్పు కొడుకా" అన్నాడు.

బాపు వయసులో ఉన్నప్పుడు ఓటు వేయడానికి 21 ఏళ్లు నిండాలి. 1989లో దాన్ని 18కి తగ్గించారు. నాకు 18 నిండగానే ఓటరు కార్డు వచ్చింది, తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. అయినా ఇన్నేళ్లూ, అడగడానికి వెనుక ఒక మనిషి ఉన్నాడన్న ధీమాతోనే బతికానని ఆ రెండు నిమిషాల్లో తెలిసింది. పత్తి సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసి కూడా నన్ను అడిగాడంటే, ఇక తప్పైనా ఒప్పైనా ఆ మాట నాది కావాలని ఆయన ఎప్పుడో అనుకొని ఉంటాడు. నాకు గొంతు పట్టేసింది.

ఎండబెట్టి మళ్లీ తెద్దామన్నాను. ఆయన మారు మాట్లాడకుండా దబ్బనం తీసి బస్తా మూతి కుట్టడం మొదలుపెట్టాడు.

సాయంత్రం పత్తిని డాబా మీద పరిచి టార్పాలిన్ కప్పాం. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది. రెండుసార్లు పైకి వెళ్లి మబ్బు చూసి వచ్చాను. ఒకప్పుడు ఇలాంటి రాత్రుల్లో లేచి తిరిగింది బాపు, కింద ఒళ్లు మరిచి నిద్రపోయింది నేను. పక్క గదిలో ఆయన గురక వినిపిస్తోంది.