పన్ను విరిగితే ముక్క వెతకండి

పిల్లల పళ్ళు ఆటల్లోనే విరుగుతాయని చాలామంది అనుకుంటారు. జడ్పీ హైస్కూల్లో పీఈటీగా నేను ఎక్కువ చూసింది మాత్రం బోరింగు దగ్గర. హ్యాండిల్ మీద బరువంతా వేసి వేలాడే పిల్లాడి చెయ్యి జారిందంటే అది పైకెగిరి మూతికి కొడుతుంది. నీళ్ళు తాగడానికి వంగినవాణ్ణి వెనకనుంచి ఎవరో తోస్తారు, పళ్ళు వెళ్ళి ఇనుప గొట్టానికి తగులుతాయి. విరిగేవి దాదాపు ఎప్పుడూ పైవరస ముందు పళ్ళే. ఏడెనిమిదేళ్ళకు వచ్చే ఆ రెండూ మళ్ళీ మొలవవు. జన్మంతా ఉండాల్సినవి.

ఈ మధ్య ఏడో తరగతి పిల్లాడు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు. ఉమ్మిలో కలిసేసరికి కాస్త రక్తమే చాలా కనిపిస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళు కంగారు పడిపోతారు. ముందు అడగాల్సింది పంటి గురించి కాదు. స్పృహ తప్పాడా, వాంతి అయిందా, కళ్ళు తిరుగుతున్నాయా అని. వాటిలో ఏది ఉన్నా నేరుగా పెద్దాసుపత్రికే. వాడికి అవేమీ లేవు. గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలింపించి, పెదవి తెగినచోట శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టుకోమన్నాను. వాపుకి జేబురుమాల్లో ఐసు చుట్టి పెదవి మీద బయటనుంచి పెట్టాం.

తర్వాత వెలుతురులో పన్ను చూశాను. విరిగిన అంచు తెల్లగా మాత్రమే ఉంటే పోయింది పైపొర ఎనామిల్. లోపల పసుపురంగు కనిపిస్తే దెబ్బ రెండో పొరదాకా వెళ్ళింది, గాలి పీల్చినా జివ్వుమంటుంది. మధ్యలో ఎర్రటి చుక్క గానీ, పంటిలోంచే రక్తం గానీ వస్తే నరం బయటపడినట్టు. దాన్ని ముట్టుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. వీడికి పసుపు కనిపించింది, ఎరుపు లేదు.

ఇక ముక్క. బోరింగు కింద కాలవ పక్క నాచులో దొరికింది, నూకగింజంత ఉంది. వెతికిపట్టిన పిల్ల దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పాలపన్నులా కప్పు మీదకి విసిరేద్దామనుకుంది పాపం. ఆ ముక్కనే చాలాసార్లు తిరిగి అతికించవచ్చని తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ఆరిపోతే సుద్దలా తెల్లబడుతుంది, అతుకు అందంగా కుదరదు. తడిగా ఉంచితే చాలు. గేటు బయట టీ కొట్లో పాలు పోయించుకున్నాం. పొయ్యి మీదవి కాదు, చల్లటి ప్యాకెట్ పాలు. ముక్కకైతే మంచినీళ్ళైనా పరవాలేదు.

వేరుతో సహా పన్ను మొత్తం ఊడివస్తే మాత్రం నీళ్ళలో ఉంచకూడదు, పాలే. వేరు మీది కణాలు నీళ్ళలో చచ్చిపోతాయి. తెల్లటి భాగం పట్టుకుని, వేరు తాకకుండా, మట్టి ఉంటే పాలతో ఒక్కసారి కడిగి, అదే గుంటలో పెట్టి గుడ్డ కొరికి పట్టుకోమనాలి. పెట్టడం చేతకాకపోతే పాలల్లో వేసుకుని అరగంటలో డాక్టరు దగ్గర ఉండాలి. పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు, కింద వచ్చే పన్ను పాడవుతుంది.

ముక్క ఎక్కడా దొరక్కపోతే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. వాచిన పెదవిలో దిగిపోయి ఉండొచ్చు, ఎక్స్‌రేలో తెలుస్తుంది. దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా ముక్క గాలిగొట్టంలోకి పోయి ఉండొచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి.

ఇంతలో ఆ పిల్లాడి అమ్మ లవంగ నూనె సీసాతో పరుగెత్తుకొచ్చింది. "కొంచెం రాస్తాను మేడమ్, లాగేస్తది" అంది. "వద్దమ్మా" అన్నాను. మన ఇళ్ళలో పంటినొప్పికి మొదట చెయ్యి వెళ్ళేది దాని మీదకే. కానీ తెగిన చిగురుని మండిస్తుంది, పైగా డాక్టరు వాడే అతుకు మందుని సరిగ్గా గట్టిపడనివ్వదు. నొప్పికి బరువునిబట్టి పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. మాత్రని చిగురు మీద అదిమిపెట్టడం అసలే వద్దు, అది చర్మాన్ని కాల్చేస్తుంది.

డాక్టరు దగ్గర ముక్క అతికింది. మూడడుగుల దూరంనుంచి చూస్తే తెలియదు. తర్వాత జాగ్రత్తలు ఇంటివాళ్ళవే. మెత్తటి బ్రష్షు, కొన్నాళ్ళు ఇడ్లీ, పెరుగన్నం. జామకాయ, చెరకు, జంతికలు ముందు పళ్ళతో కొరకకూడదు, ఎప్పటికీ.

నాకు అసలు టెన్షన్ ఇక్కడినుంచే. నొప్పి తగ్గిందిగా, ఇంకెందుకని చాలామంది మళ్ళీ వెళ్ళరు. దెబ్బ తగిలిన పంటిలో నరం నెలల తర్వాత నొప్పి లేకుండానే చచ్చిపోవచ్చు. పన్ను బూడిదరంగుకి తిరుగుతుంది, చిగురు మీద చిన్న పొక్కు లేస్తుంది. పన్ను మొలిచాక వేరు పూర్తిగా తయారవ్వడానికి ఇంకో మూడేళ్ళు పడుతుంది. ఈలోగా నరం పోతే వేరు అక్కడే ఆగిపోతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత మరోసారి చూపించాలి. ఖర్చుకి వెనకాడేవాళ్ళు జిల్లా ఆసుపత్రి పళ్ళ విభాగానికి, విజయవాడ దగ్గరైతే ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్ళొచ్చు.

మొదటి చెకప్‌లో వాడి పన్ను రంగు మారలేదు, చల్లదనం తెలుస్తోంది, అంటే నరం బతికే ఉన్నట్టు. ఏడాది చెకప్ తేదీని వాళ్ళమ్మ ఫోన్లో నేనే అలారం పెట్టి ఇచ్చాను.