ముఖం మీద ఎండ మచ్చలు: ట్యూబు కొనే ముందు

మిరప తోటలో పొద్దంతా కాయలు ఏరేవాళ్ళకూ, హన్మకొండ నుంచి కాజీపేటకు రోజూ బండి మీద తిరిగేవాళ్ళకూ ముఖం మీద వచ్చే మచ్చలన్నీ ఒక్కటి కావు. రెండు బుగ్గల మీదా ఒకే తీరుగా, అంచు తెలియకుండా పరుచుకుంటే అది మంగు. కడుపుతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు పెరుగుతుంది, ఎండకు ముదురుతుంది. నలభై దాటాక కణతల మీద, చేతుల మీద పప్పుబద్దంత, అంచు స్పష్టంగా, చదునుగా వచ్చేవి ఎండ మచ్చలు. వేలికి ఉబ్బెత్తుగా తగిలేవాటికి ఈ క్రీములేవీ పనిచేయవు.

అసలు నష్టం జరిగేది మెడికల్ షాపు దగ్గర. "పది రోజుల్లో తెల్లగైతది" అని చేతిలో పెట్టే ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ అని మూడు పేర్లు ఉంటే అది డాక్టరు రాస్తేనే వాడాల్సిన మందు. మూడోది స్టెరాయిడ్. మంగుకు ఈ మూడూ కలిపి డాక్టర్లే రాస్తారు, కానీ కొన్ని వారాలకే, మచ్చ మీదికే. ఫెయిర్‌నెస్ క్రీములా ముఖమంతా నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు, ముందుకన్నా ముదురు మచ్చ. హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి వాడితే చర్మం నీలి నలుపుకు తిరుగుతుంది, అది పోగొట్టడం చాలా కష్టం. ఇప్పటికే అలవాటు పడ్డవాళ్ళు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

నిమ్మరసం ముఖానికి వద్దే వద్దు. అది పూసుకొని ఎండకు పోతే చర్మం కాలి కొత్త మచ్చ పడుతుంది.

సన్‌స్క్రీన్ లేకుండా ఏ మందూ నిలవదు. ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 లేదా ఆపైన ఉన్నది, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీసి ముఖానికీ మెడకూ రాయాలి. చాలామంది అందులో సగం కూడా రాయరు, అందుకే "పనిచేయలేదు" అంటారు. బయటికి పోయే 20 నిమిషాల ముందు, ఎండలో ఉంటే ప్రతి 2 గంటలకు మళ్ళీ. మంగు ఉన్నవాళ్ళకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు, మామూలు వెలుతురుకూ మంగు ముదురుతుంది కాబట్టి. సీసాను బండి డిక్కీలో పెట్టొద్దు, వేడికి చెడిపోతుంది. చేనులో పల్చటి కొంగు చాలదు, దట్టమైన ముదురు రంగు నూలు బట్ట, పైన వెడల్పు టోపీ కావాలి.

కడుపుతో ఉన్నవాళ్ళు ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ ముట్టొద్దు, డాక్టరును అడిగి అజెలాయిక్ ఆసిడ్ క్రీము వాడుకోవచ్చు. మిగతావాళ్ళు, డాక్టరు రాస్తే, ఒక్క ట్రెటినోయిన్ మాత్రమే ఉన్న క్రీమును రాత్రిపూట, ముఖమంతటికీ శనగగింజంతే, మొదట వారానికి రెండు మూడు రాత్రులు. ఏ మందైనా తేడా తెలియడానికి 2, 3 నెలలు పడుతుంది.

లేజర్ అంటే మాత్రం తొందరొద్దు. మన చామనఛాయ చర్మం వేడికి తిరిగి నల్లబడుతుంది, మంగుకైతే ఇంకా ఎక్కువ. ముందు చెవి పక్కన చిన్నచోట చేసి చూడమనండి. మచ్చ త్వరత్వరగా పెరిగినా, రంగులు కలగలిసినా, రక్తం కారినా క్రీములు పక్కనపెట్టి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి పోండి. పోయేటప్పుడు ఇన్నాళ్ళు వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకొని పోండి, ఖాళీవైనా సరే.