పునరావృత పాఠంలో అతుకు

ఒడిశాలోని బరంపురంలో పట్టుచీరల దుకాణాలకు వెబ్ పేజీలు చేసి ఇచ్చే నాకు తరచుగా వచ్చే కోరిక ఒకటుంది: పేజీ పైభాగాన ఒక పట్టీలో దుకాణం మాట, తెలుగులోనూ ఒడియాలోనూ, ఈ చివరి నుండి ఆ చివరి వరకు మళ్ళీ మళ్ళీ కనిపించాలి. జావాస్క్రిప్ట్ భాషకు 2015లో వచ్చిన ఈఎస్6 ప్రమాణం స్ట్రింగులకు (అక్షరాల వరుసలకు), ఒకే మాటను కావలసినన్నిసార్లు వరుసగా అతికించే ‘రిపీట్’ మెథడ్‌ను ఇచ్చింది కనుక, ఖాళీ అర్రేను (జాబితాను) ఆ మాటతో ‘జాయిన్’ చేసే పాత తిప్పలు ఇప్పుడు అక్కరలేదు.

ఫలితాన్ని ‘టెక్స్ట్‌కంటెంట్’ ద్వారా, అంటే వట్టి పాఠంగా, ఎలిమెంట్‌లో (పేజీలోని ఆ భాగంలో) పెట్టడమే మేలు. లూపులో ‘ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్’కు (ఎలిమెంట్ లోపలి హెచ్‌టీఎంఎల్ కోడ్‌కు) చేర్చుకుంటూ పోతే, ప్రతి విడతలోనూ బ్రౌజరు లోపలి భాగమంతటినీ కొత్తగా నిర్మిస్తుంది, అక్కడ బటన్లేవైనా ఉంటే వాటి ఈవెంట్ లిజనర్లు (నొక్కితే స్పందించే కోడ్) కూడా పోతాయి.

అసలు చిక్కు అతుకు దగ్గర ఉంది. ‘బరంపురం సిల్క్’ అనే మాటను యథాతథంగా రిపీట్ చేస్తే, మొదటి ప్రతి చివరి పొల్లు రెండో ప్రతి మొదటి అక్షరాన్ని లాగేసుకుని ‘సిల్క్బరంపురం’ అవుతుంది. ఊరి పేరులోని ‘బ’ కాస్తా వత్తుగా మారి ‘ల’ కిందికి దిగిపోతుంది. ఇంగ్లీషు మాటలతో పరీక్షించేవారికి ఇది ఎన్నటికీ కనబడదు. హలంతంతో (పొల్లుతో) ముగిసే ఒడియా మాటలకూ ఇదే గతి. అందువల్ల రిపీట్ చేయకముందే మాట చివర ఖాళీ, చుక్క, మళ్ళీ ఖాళీ చేర్చాలి. (వట్టి ఖాళీలు ఎన్ని పెట్టినా బ్రౌజరు మామూలుగా ఒక్కటే చూపుతుంది.)

ఎన్ని ప్రతులు కావాలో తెలియడానికి పట్టీ వెడల్పును ఒక ప్రతి వెడల్పుతో భాగించి, వచ్చినదాన్ని పై పూర్ణాంకానికి సవరించాలి. తెలుగు ఫాంటు దిగకముందు తీసుకున్న కొలత నమ్మదగినది కాదు కనుక, ఫాంట్లు సిద్ధమయ్యాయని తెలిపే ‘డాక్యుమెంట్.ఫాంట్స్.రెడీ’ వరకు ఆగాలి. కొలిచే ప్రతి ‘డిస్‌ప్లే నన్’తో దాగి ఉంటే దాని వెడల్పు సున్నా అవుతుంది, భాగఫలం ‘ఇన్ఫినిటీ’ (అనంతం) అవుతుంది, రిపీట్ వెంటనే ‘రేంజ్‌ఎర్రర్’ అనే లోపాన్ని విసురుతుంది. పట్టీ కూడా దాగి ఉంటే మరీ అన్యాయం: సున్నాను సున్నాతో భాగించగా వచ్చిన ‘నాన్’ను (‘సంఖ్య కాదు’ అనే విలువను) రిపీట్ సున్నాగా లెక్కించి, ఏ ఫిర్యాదూ లేకుండా ఖాళీ స్ట్రింగును తిరిగి ఇస్తుంది.

మొదటి ప్రతిని ఒక స్పాన్‌లో (పాఠంలో ఒక ముక్కను చుట్టే ట్యాగులో), తక్కినవాటిని మరో స్పాన్‌లో ఉంచి, రెండోదానికి ‘ఏరియా-హిడెన్’ను (చదివి వినిపించవద్దని చెప్పే గుర్తును) ట్రూగా పెడితే, స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నది చదివి వినిపించే సాధనం) వాడేవారికి దుకాణం మాట ఒక్కసారే వినబడుతుంది.