కాశీలో ఎన్ని నిద్రలు?

నిరుడు వానాకాలంలో మంచిర్యాల నుంచి యాత్రల ఏజెంటు ఒకాయన వచ్చి మా వీధిలో కరపత్రాలు పంచాడు. పదకొండు రోజులు, తొమ్మిది క్షేత్రాలు. కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం, అక్కడి నుంచి హరిద్వారం, ఋషీకేశం, మధుర, బృందావనం. వెంట తెలుగు వంటవాళ్లు వస్తారు. అమ్మ కళ్లజోడు పెట్టుకొని కాగితం రెండు వైపులా చదివి, ఆయనను ఒక్కటే అడిగింది.

"కాశీలో ఎన్ని నిద్రలు చేయిస్తారు నాయనా?"

"ఒక్క రాత్రి అమ్మా. మర్నాడు మధ్యాహ్నం భోజనాలు కాగానే బయలుదేరతాం."

అమ్మ ఇంకేమీ అడగలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

తల్లి గర్భంలో గడిపిన తొమ్మిది నెలలకు కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని మన పెద్దల మాట. అమ్మ మనసులో ఉన్నది ఆ మాట ఒక్కటే కాదని నాకు తెలుసు. 2018లో అమ్మా నాన్నలను నేనే ఇలాంటి ప్యాకేజీలో పంపాను. కేదార్ ఘాట్ మెట్ల మీద నాన్న గంగ వైపు చూస్తూ కూర్చున్నారట. అర్ధగంట గడిచిందో లేదో, నిర్వాహకుడు విజిల్ వేశాడు. బస్సు బయలుదేరుతుందన్నాడు. "ఇంకొక్క పూట ఉంటే బాగుండేది" అని నాన్న అన్న మాట అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆయన పోయి మూడేళ్లయింది.

మాది బల్లార్షా. మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లాలో వార్ధా నది ఒడ్డున ఉంటుంది. నాన్న ఇక్కడి బొగ్గు గనిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగాం. తెలుగు జిల్లాల నుంచి వెళ్లేవారిలో చాలామంది భాష రాదన్న భయంతో ప్యాకేజీ ఎంచుకుంటారు. ఆ భయం మాకు లేదు. పైగా సికింద్రాబాద్ నుంచి దానాపూర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ మా స్టేషన్లోనే ఆగుతుంది. మధ్యాహ్నం ఎక్కితే నాగపూర్, ఇటార్సీ, జబల్పూర్ దాటి మర్నాడు పొద్దున కాశీ పక్కనే ఉన్న మొగల్‌సరాయ్‌లో దిగవచ్చు. 2018లో ఆ స్టేషన్‌కు దీనదయాళ్ ఉపాధ్యాయ పేరు పెట్టినా మా ఇంట్లో ఇంకా మొగల్‌సరాయే. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు కూడా హైదరాబాద్, నాగపూర్, జబల్పూర్ మీదుగానే వెళ్లారు. ఆయన తిరిగి ఇల్లు చేరడానికి పదిహేను నెలలు పట్టింది. మనకు ఒక రాత్రి ప్రయాణం. అంత సులువుగా చేరే చోటికి వెళ్లి, ఒక్క రాత్రి ఉండి వచ్చేయడం నాకూ నచ్చలేదు.

సిరోంచలో ఉండే మా పెద్దమ్మ మాత్రం ఆ ప్యాకేజీలోనే వెళ్లింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పిల్లలు లేరు, సంచి మోసేవాళ్లు కావాలి. చెన్నూరు నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్లు ఆమెకు తోడు దొరికారు. వేళకు పప్పూ చారూ పెట్టారనీ, ప్రయాగలో చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించారనీ తిరిగి వచ్చాక ఎంతో సంతోషంగా చెప్పింది. ఆమె తీసుకున్న నిర్ణయం సరైనదే. నేను వద్దని చెప్పి ఉంటే ఆమె కాశీ చూసేదే కాదు.

కార్తీక పౌర్ణమి నాటి దేవ్ దీపావళికి కాశీలో గది దొరకడం కష్టం. డిసెంబరు చివరికి పొగమంచు కమ్మి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. అందుకే ఆ రెంటికీ నడుమ నవంబరు మూడో వారం పెట్టుకున్నాం. రిజర్వేషన్ ఇదివరకులా 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే తెరుస్తున్నారు. నేను ఆ రోజు పొద్దున్నే కూర్చుని అమ్మకు కింది బెర్తు వచ్చేలా టికెట్లు తీశాను.

మొగల్‌సరాయ్‌లో దిగి ఆటోలో గంగ మీది పాత వంతెన ఎక్కగానే కాశీ మొత్తం ఒక్కసారి కనబడింది. 1887లో కట్టిన ఆ వంతెన మీద కింద రైళ్లు, పైన బండ్లు వెళతాయి. ఎడమ పక్కన అర్ధచంద్రంలా వంగిన ఒడ్డు, దాని పొడవునా మెట్లు. అమ్మ ఆటో ఆపమంది. అక్కడ ఆపకూడదని డ్రైవరు వేగం తగ్గించి నడిపాడు. ఆమె రెండు చేతులూ జోడించి, వంతెన దిగేదాకా దించలేదు.

కేదార్ ఘాట్ దగ్గర ఒక సత్రంలో దిగాం. అది మన దక్షిణాది వాళ్ల పేట. పక్కనే విజయనగరం రాజుల పేరుతో ఉన్న ఘాట్, నాలుగు అడుగులు వేస్తే మానససరోవర్ ఘాట్, అక్కడ తెలుగువారి ఆశ్రమం. పడవ నడిపేవాళ్లు తెలుగులో పిలుస్తారు. పొద్దున పేరు రాయించుకుంటే మధ్యాహ్నం విస్తట్లో అన్నం, పప్పు, కూర వడ్డించే సత్రాలు ఆ సందుల్లోనే ఉన్నాయి. వంటవాడిని వెంట తీసుకువెళ్లవలసిన అవసరం కాశీ వరకూ లేదు.

మొదటి రెండు రోజులు దర్శనాలు. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు. ఇరుకు సందుల్లో నాన్న చెయ్యి పట్టుకుని నడిచిన దారి అమ్మకు ఎంత వెతికినా దొరకలేదు. 2021 డిసెంబరులో విశ్వనాథ కారిడార్ తెరిచాక ఆ గుడి నుంచి గంగ దాకా విశాలమైన బాట వచ్చింది. మూడో రోజు నుంచి మాకు పని లేదు. నిజమైన యాత్ర అప్పుడే మొదలైందని నాకు అనిపిస్తుంది. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి స్నానం చేసి, గౌరీ కేదారేశ్వరుడి దగ్గరికి వెళ్లేది. పులగం ముద్దను నడుమ గీత గీసి రెండుగా చేసినట్టు ఉంటుంది ఆ లింగం. తర్వాత మెట్ల మీద కూర్చునేది. ఎండ కాళ్ల మీదికి వచ్చేవరకు కదిలేది కాదు. నాలుగో రోజుకు పూలమ్మే ఆమె, టీ పోసే అబ్బాయి, హరిశ్చంద్ర ఘాట్ వైపు కట్టెలు మోసే ముసలాయన అందరూ అమ్మను "మాతాజీ" అని పలకరించారు.

ఆరో రోజు నాన్నకు పిండప్రదానం చేయడానికి గయ వెళ్లాం. సొంతంగా వెళ్లినందుకు నేను బాధపడింది అక్కడే. స్టేషన్లో దిగగానే ఒకతను మీ తెలుగువాళ్ల పండా, అంటే పురోహితుడి ఇంటికి తీసుకువెళతానని వెంటపడ్డాడు. రేటు ముందుగా తేల్చుకోకపోవడం నా తప్పు. సంకల్పం మధ్యలో, చేతిలో దర్భ ఉండగా పదకొండు వేలు అడిగారు. అమ్మ ముందు బేరమాడలేక ఏడు వేలకు ఒప్పుకున్నాను. ప్యాకేజీలో అయితే ఇవన్నీ ముందే మాట్లాడి ఉంచుతారు. గయకు సొంతంగా వెళ్లేవారు కాశీలోని సత్రం వారితో ముందు ఫోను చేయించుకుని, ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎంత ఇవ్వాలో తేల్చుకున్నాకే రైలెక్కండి.

నేను ఆడపిల్లను, ఒక్కదాన్నే సంతానం. ఆడవాళ్లు పిండం పెట్టవచ్చా అని అమ్మ కాశీలోనే అడిగింది. సీతమ్మ దశరథుడికి ఇసుక పిండం పెట్టింది గయలోనే కదా అన్నారు అక్కడి పెద్దాయన. అబద్ధపు సాక్ష్యం చెప్పిన ఫల్గు నదిని ఇసుక కింద పారమని సీతమ్మ శపించిందనీ, నిజం చెప్పిన వటవృక్షం అక్షయవటమైందనీ కథ. ఇసుక తవ్వితే నీరు వస్తుందని అమ్మ విని ఉంది. ఇప్పుడు విష్ణుపదం దగ్గర నీరు నిండుగా ఉంది. 2022లో అక్కడ రబ్బరు ఆనకట్ట కట్టారు. ఆ నీళ్లలోనే స్నానం చేశాం. అక్షయవటం కింద ఇష్టమైన పండు ఒకటి వదలాలంటే అమ్మ సీతాఫలం వదిలింది. దసరా వెళ్లగానే రాజురా అడవుల నుంచి గంపలతో వచ్చే ఆ పండ్లను నాన్న గని నుంచి వస్తూ తువ్వాలులో మూటకట్టి తెచ్చేవారు.

రాత్రి గయలోనే పడుకుని, మర్నాడు సాయంత్రానికి కాశీ చేరాం. ఇది మన ఏడో నిద్ర అన్నాను. "ఆరోది బిడ్డా. నిన్న కాశీలో లేము కదా" అంది అమ్మ. నా తిరుగు టికెట్లు ఎనిమిదో నిద్ర తెల్లవారే బయలుదేరేలా ఉన్నాయి. వాటిని రద్దు చేశాను, కొంత డబ్బు పోయింది. బయలుదేరే ముందు రోజు పదకొండింటికి తత్కాల్ తెరవగానే మళ్లీ తీశాను. తత్కాల్‌లో అమ్మకు కింది బెర్తు రాలేదు. రైల్లో ఎవరినైనా అడుగుదాంలే అనుకున్నాం.

తొమ్మిదో నిద్ర లేచి అమ్మ మెట్ల మీదికి వెళ్లింది. నాన్న కూర్చున్నది పై నుంచి ఎన్నో మెట్టో ఆమెకు గుర్తుంది. అక్కడే కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. సూర్యుడు అవతలి ఇసుక మీద పైకి వచ్చి, నీళ్లు ఎర్రగా మారి, మళ్లీ తెల్లబడ్డాయి. ఆటో పదింటికి రమ్మన్నానని చెప్పాను. అమ్మ తల ఊపింది.